చెవులు ఖాళీ చేసే గుట్టలు

పెళ్ళైన కొత్తలో మా ఆయన నన్ను తిడుతున్నాడనుకుని వారం రోజులు ఏడ్చాను. "అన్నం పెడ్తవా!" అని అరిచేవాడు. "నీళ్ళు కాగినయా!" అని అరిచేవాడు. ఒకరోజు "చీర మంచిగున్నది" అన్న మాట కూడా పక్కింటివాళ్ళు తొంగిచూసేటట్టు అరిచాడు. మా పుట్టింట్లో గొంతు పెంచడమంటే ప్రార్థన ముగింపులో ఆమెన్ చెప్పేటప్పుడే. వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంటే మా అత్త వచ్చి నా గడ్డం పట్టుకుంది. "ఏడుస్తవేందే పిచ్చిదానా? వాడు కోపానికి ఒర్రుతలేడు. సాంచల కాడ పనిచేసేటోళ్ళు గట్లనే మాట్లాడుతరు. మీ మామ నన్ను ప్రేమతోని పిలిస్తే గూడ వాడకట్టంత ఇనేది" అని నవ్వింది.

సాంచా అంటే మరమగ్గం. వరంగల్‌లో మేమున్న వాడలో సగం ఇళ్ళ మగవాళ్ళు మిల్లుకే పోయేవాళ్ళు. వాళ్ళలో సాంచాల ఖాతాలో, అంటే మగ్గాలు నడిచే విభాగంలో, పనిచేసేవాళ్ళెవరో గొంతును బట్టే చెప్పేయవచ్చు. సాంచాలన్నీ ఒక్కసారిగా కొట్టుకుంటుంటే పక్కన నిలబడ్డ మనిషి అరిచినా వినబడదు. అందుకని వాళ్ళు లోపల పెదవులతో, చేతులతో మాట్లాడుకునేవారు. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్. మీసం మెలేస్తే సూపర్‌వైజర్ వస్తున్నాడని. మిగిలిందంతా ఎదుటివాడి పెదవులు చూసి అందుకోవడమే.

ఆ విద్య ఆయన నాకూ నేర్పాడు. నేను చిన్నపిల్లల బళ్ళో పంతులమ్మను. పొద్దస్తమానం నోరు పెద్దగా తెరిచి అ అంటే ఇట్లా, ఊ అంటే ఇట్లా అని చూపించే పనే కాబట్టి నాకు తొందరగానే వచ్చింది. ఆదివారం చర్చిలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చునేవాళ్ళం. అయ్యగారి ప్రసంగం సాగి సాగి మా అత్త కునుకు తీసే వేళకు, నడుమ దారికి అటు నుంచి ఆయన, ఇటు నుంచి నేను, చప్పుడు లేకుండా ముచ్చట మొదలుపెట్టేవాళ్ళం.

"కూర ఏందియ్యాల?"

"చాపలు."

"పులుసా, ఫ్రైయా?"

"ముందు వాక్యం ఇను. సిగ్గులేదా?"

ఇదీ మా సరసం. పందొమ్మిది వందల డెబ్భైల్లో మా పెళ్ళైన తొలి ఏళ్ళు గుర్తు చేసుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చప్పుడు లేని మాటలే.

చివరికి ఆ విద్యే మా కొంప ముంచింది. ఆయన చెవులు ఎప్పటినుంచి పోతున్నాయో నాకు తెలియలేదు. ఎదురుగా నిలబడి చెబితే ప్రతి మాటకూ జవాబు వచ్చేది, అంతకంటే ఏం కావాలి? వెనక నుంచి చెబితే పలికేవాడు కాదు. నా నోటి సంగతి వాడకట్టులో అందరూ ఎరుగుదురు. వంటింట్లోంచి నేను అగ్గి మీద గుగ్గిలం అయిపోతుంటే ఆయన వాకిట్లో సైకిలు తుడుచుకుంటూ తల కూడా తిప్పేవాడు కాదు. "మీ ఆయనకు ఎంత ఓపికమ్మా, నువ్వు గన్ని మాటలన్నా ఒక్కటి తిరిగి అనడు" అని పక్కింటామె ముక్కున వేలేసుకునేది. నేను పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయేదాన్ని. నా మొగుడికి నా మీద ఉన్న ప్రేమ అది అనుకున్నాను మరి.

రెండుసార్లు కడుపు నిలవలేదు నాకు. మూడోసారి నెల తప్పినప్పుడు ఎవరికీ చెప్పకుండా చాలా రోజులు ఊరుకున్నాను. చెబితే ఎక్కడ దిష్టి తగులుతుందోనని భయం, దేవుణ్ణి నమ్మినవాళ్ళం దిష్టిని నమ్మకూడదని తెలిసీ భయం. ఒక సాయంత్రం మబ్బు కమ్మి కరెంటు పోయింది. ఇంట్లో చీకటి. ముఖం కనబడదు కదా, సిగ్గు ఉండదు, చెప్పడానికి ఇదే సమయం అనుకున్నాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని, మామూలు గొంతుతోనే చెప్పాను. ఈసారి నిలుస్తుందని నా మనసు చెబుతోందని కూడా చెప్పాను.

ఆయన ఏమీ అనలేదు.

నేను ఎదురుచూశాను. ఏమీ అనలేదు. ఈయనకు ఆశ చచ్చిపోయింది కాబోలు, మళ్ళీ పోతుందని అనుకుంటున్నాడు కాబోలు అని కళ్ళ నీళ్ళు కారాయి. కాసేపటికి ఆయన, "దీపం ముట్టియ్యవా? చీకట్ల ఎందుకు కూసున్నం?" అన్నాడు, మామూలుగా, గట్టిగా. నేను లేచి కందిలి వెలిగించాను. వెలుగులో నా ముఖం చూశాడు. "ఏమైందే? ఎందుకేడుస్తానవ్?" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు. కరెంటు పోయినప్పుడల్లా ఆయన ఎందుకు మూగవాడయ్యేవాడో, దీపం పెట్టేదాకా ఎందుకు తొందర చేసేవాడో అన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తొచ్చాయి. ఆ కందిలి ముందు కూర్చుని మళ్ళీ చెప్పాను. ఈసారి పెదవులు చూసి ఎగిరి గంతేశాడు, నన్ను పట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత తనది తను చెప్పాడు. "శానా దినాలాయె. మాటలు సన్నబడ్డయి. దాని మీదికెల్లి మోత ఒకటి. మిల్లు బందైనంక గూడ నా చెవుల సాంచాలు బందైతలేవే. పండుకున్నా కొట్టుకుంటనే ఉంటయి" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. సాంచాల ఖాతాలో అందరికీ ఎంతోకొంత అంతేనట, ఎవరూ ఎవరికీ చెప్పరట.

ఆ బిడ్డ నిలిచింది. ఆడపిల్ల. దానికి మాటలు రావడం మొదలైనప్పుడు మా ఇంట్లో అసలు బాధ మొదలైంది. పెద్దవాళ్ళ పెదవులు ఆయన పుస్తకంలా చదివేవాడు. పసిపిల్ల మాటలకు పెదవులు కుదురుగా ఉంటాయా? చొంగ కారుస్తూ, పెదవులు ముడిచి, సగం మాట మింగి మాట్లాడేది. ఆయన దాన్ని ఎత్తుకుని కిటికీ దగ్గర వెలుగులోకి తీసుకుపోయి మరీ చూసేవాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఏమంటాంది?" అని అడిగేవాడు. నేను చెప్పేదాన్ని. పిల్ల ఒక మాట, నేను ఒక మాట. తన కూతురి మాటలు ఆయనకు నా నోటి గుండానే అందేవి. "నాయినా, బువ్వ తిన్నవా అంటాంది" అని నేను చెబితే, ఆయన దానివైపు తిరిగి "తిన్న బిడ్డా!" అని అరిచేవాడు. ఆ అరుపుకు అది జడుసుకుని ఏడ్చేది.

చర్చిలో ఆయన పాటల గుంపులో ఉండేవాడు, మంచి గొంతు. పోనుపోను అందరూ పాట ముగించాక కూడా ఆయన ఒక్కడు ఇంకో ముక్క పాడుతూ ఉండిపోయేవాడు. శ్రుతి తప్పినట్టు తనకు తెలిసేది కాదు, ముందు వరుసలోవాళ్ళు వెనక్కి తిరిగి చూసినప్పుడు వాళ్ళ ముఖాలు చూసి తెలుసుకునేవాడు. ఒక ఆదివారం నేను పిల్లనెత్తుకుని ఆడవాళ్ళ వైపు కూర్చుని చూస్తుంటే, ఆయన పెదవులు కదులుతున్నాయిగానీ గొంతు రావడం లేదు. ఆ రోజు నుంచి ఆయన చర్చిలో పాడినట్టు నటించాడు. నాకు వచ్చిన కోపం ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

పెద్ద దవాఖానకు పోయాం. డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూసి, గంటలాంటి ఇనుప కమ్మీ మోగించి చూసి, నాతోనే మాట్లాడాడు, ఆయనతో కాదు. "లోపలి నరం దెబ్బతిన్నదమ్మా. పోయింది తిరిగి రాదు, ఉన్నది కూడా ఉంటుందని చెప్పలేను" అన్నాడు. చెవి మిషను పెట్టుకోమన్నాడు. జేబులో డబ్బా, చెవిలోకి వైరు. అది పెట్టుకుంటే గిన్నె కిందపడినా ఆయన తల పట్టుకునేవాడు. మాటలు మాత్రం ఉడికీ ఉడకని అన్నంలా ముద్దలు ముద్దలుగా వినబడుతున్నాయన్నాడు. నెల తిరక్కుండా అది బీరువాలోకి పోయింది.

ఇగ మిగిలింది కాక ఒక్కడే. సాంచాలు చెడిపోతే సరిచేసే పెద్దాయనను మిల్లులో జాబర్ అంటారు. ఆ జాబర్‌ను అందరూ కాక అనే పిలిచేవారు. ఆ మనిషి ఒకరోజు దవాఖాన సంగతి విని మా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, చాయ్ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ, "డాక్టర్లకేం ఎరుక బిడ్డా! నరం పోవుడేంది? వీని చెవులు పోలె, నిండినయి" అన్నాడు.

"నిండుడేంది కాకా?" అన్నాను.

"ఇన్నేండ్ల మోత యాడికి పోతది? లోపట్నే ఉంటది. కుండ నిండినంక కొత్త నీళ్ళు పడ్తయా? కారిపోతయి. మన మాటలు గట్లనే కారిపోతానయి. ముందు ఖాళీ చెయ్యాలె."

ఖాళీ చేయడానికి మార్గం కూడా ఆయనే చెప్పాడు. చీమ చిటుక్కుమనని చోట పొద్దుటి నుంచి పొద్దు నెత్తికెక్కేదాకా నోరు మెదపకుండా కూర్చోవాలి. మోత దానంతట అదే దిగిపోతుంది. ఎండాకాలంలో పాండవుల గుట్టల సందుల్లో పిట్ట కూడా కూయదు, నీళ్ళుండవు కాబట్టి జంతువు రాదు, పనుండదు కాబట్టి మనిషి రాడు. సాంచాల ఖాతాలో ఎంతోమంది పోయి బాగుపడి వచ్చారట. తన చెవులు కూడా అట్లనే తేరుకున్నాయట.

నేను నమ్మానా? లేదు. చదువుకున్నదాన్ని, చెవి కుండ కాదని నాకు తెలుసు. కానీ కాక మాటలు చూస్తున్నప్పుడు మా ఆయన కళ్ళు వెలిగాయి. దవాఖాన నుంచి వచ్చిన తర్వాత ఆ వెలుగు చూడడం అదే మొదలు. ఆ వెలుగు మీద నీళ్ళు పోయడానికి నాకు మనసొప్పలేదు. పైగా మా పెళ్ళిరోజు మే నెలలో, బడికి సెలవులు. మిల్లు వాడలో చప్పుడు లేని చోటు చూపించండి చూద్దాం! మిల్లు ఆగితే రైలు, రైలు పోతే లారీ, లారీ పోతే పెళ్ళి మైకు. గుట్టలకు పోదామని నేనే అన్నాను.

మా అత్త నోరు నొక్కుకుంది. "పెండ్లిరోజని రామప్పకు పోతరు, సినిమకు పోతరు, ఏం లేకుంటె అయ్యగారిని పిలిచి ప్రార్థన పెట్టిచ్చుకుంటరు. గీ రోహిణి ఎండల గుట్టలెక్కుడేందే? పెండ్లయినప్పుడు మాడింది సాలలేదా?" అంది. మా పెళ్ళి కూడా అటువంటి ఎండలోనే జరిగింది, షామియానా కింద ఇద్దరు ముసలమ్మలు సొమ్మసిల్లారు. చివరికి ఆవిడే పిల్లను చంకకెత్తుకుని, "పోండ్రి, జర నీడ సూసుకుంట నడువుండ్రి" అని సాగనంపింది. ఆవిడకు అసలు సంగతి చెప్పలేదు. కొడుకు చెవుల సంగతి ఆవిడకు తెలుసో తెలియదో, నాకు ఇప్పటికీ అనుమానమే.

తెల్లవారకముందే పరకాల బస్సెక్కి, అక్కడ మరో బస్సు మారి, రోడ్డు మీద దిగేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. అది బీడీలకు తునికాకు కోసే కాలం. ఊరు దాటగానే ఒక ఆమె ఆకు కట్టలు ఎండలో పరుస్తూ కనబడింది. దారి అడిగితే మమ్మల్ని ఎగాదిగా చూసింది. ఆయన చేతిలో టిఫిన్ గిన్నె, నా భుజానికి నీళ్ళ సీసాల సంచి.

"మొక్కున్నదా?" అంది.

"లేదక్కా, ఊకెనే."

"ఊకెనేనా! గుట్టల్ల ఏమున్నదమ్మా, రాళ్ళున్నయి. పాండవులు గూడ ఉండలేక పోయిండ్రు" అని, మళ్ళీ జాలిపడి, ఎండిన వాగులో పడి పొమ్మని చెయ్యి చూపింది. పాండవులు మా జిల్లాలో తలదాచుకోని గుట్ట లేదు లెండి, ప్రతి ఊరివాళ్ళూ తమ గుట్ట దగ్గరే పడుకున్నారంటారు.

వాగంతా ఇసుక. చుక్క నీరు లేదు. ఇసుకలో పాదం దిగబడి, ఒక అడుగు వేస్తే సగం వెనక్కి జారేది. టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి. పోగా పోగా రెండు వైపులా రాయి లేచింది. ఎర్రటి రాయి, ఒకదాని మీద ఒకటి రొట్టెలు పేర్చినట్టు పొరలు పొరలుగా. దారి సన్నబడి, కొన్నిచోట్ల పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. పైన ఆకాశం చేతిరుమాలంత కనబడింది. ఎండ లోపలికి రాక రాయి చల్లగా ఉంది. పుస్తకాల్లో ఎడారి దేశాల బొమ్మలు పిల్లలకు చూపించేదాన్నిగానీ, బస్సు దూరంలో ఇటువంటి చోటు ఉందని నాకు తెలియదు. మనసులో ఈ బాధ లేకపోతే ఎంత సంతోషపడేదాన్నో!

సన్నటి దారిలో ఒకరి వెనక ఒకరు నడవాలి. ఆయన ముందు నడిస్తే వీపు తప్ప ఏమీ కనబడదు, నా మాట ఆయనకు అందదు. అందుకని నేను ముందు నడిచాను. నడుస్తూ, ఏదైనా చెప్పాలనిపించినప్పుడల్లా ఆగి వెనక్కి తిరిగేదాన్ని. పెళ్ళిరోజున పక్కపక్కన నడవడం కూడా రాసిపెట్టిలేదు మాకు. ఒకసారి తిరగకుండానే తల మాత్రం తిప్పి మాట్లాడబోయి రాయి తన్నుకుని బొటనవేలి గోరు లేచింది. ఆయన కింద కూర్చుని నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని, రుమాలు చింపి కట్టాడు.

"ముందుకు సూసి నడువు" అన్నాడు. "నువ్వు మాట్లాడకపోతె గుట్ట కూలదు."

"మాట్లాడకపోతె నేను కూలుత" అన్నాను.

నవ్వాడు. ఆ నవ్వు రాళ్ళ నడుమ తిరిగి మళ్ళీ మా దగ్గరికి వచ్చింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆయనకు అది తెలియలేదు, కట్టు ముడి బిగిస్తూనే ఉన్నాడు.

ఇంకా లోపలికి పోతే రాయి పైన పైకప్పులాగా ముందుకు వంగి, కింద గదంత చోటు ఉంది. కాక చెప్పింది అదే అయ్యుంటుంది. దుప్పటి పరిచి కూర్చున్నాం. ఆయన కాళ్ళు మడిచి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ప్రార్థనకు కూర్చున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ ఎరగను. గాలి లేదు. ఆకు లేదు కదలడానికి. నా గాజు కదిలితే అది ఎవరో తలుపు తట్టినట్టు వినబడి, గాజులు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. నా గుండె నాకు వినబడింది. నమ్మనిదాన్ని, ఆ నిశ్శబ్దంలో మెల్లమెల్లగా నమ్మడం మొదలుపెట్టాను. ఇంత నిశ్శబ్దం ఊరికే పోతుందా? ప్రభువా, మొత్తం వద్దు, కొంచెం ఇవ్వు, పిల్ల మాట వినబడేంత ఇవ్వు చాలు అని అడిగాను. ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను. నుదుటి మీద ముడత విడిపోతున్నట్టు అనిపించింది. దిగుతోంది, దిగుతోంది అనుకున్నాను.

అప్పుడు ఆయన చేతులు కదిలాయి.

మొదట వేళ్ళు. తర్వాత కుడి చెయ్యి మోకాలి మీద నుంచి కొంచెం లేచి, ఏదో అందుకుని, మార్చి, మళ్ళీ పెట్టింది. ఎడమ చెయ్యి దారం సరిచేసినట్టు బొటనవేలికి చూపుడువేలు రుద్దింది. మళ్ళీ కుడి చెయ్యి. ఆ కదలికకు ఒక వరస ఉంది, తాళం ఉంది. సాంచా మీద, నూలు పోగును అటూ ఇటూ మోసే నాడెను మార్చే చేతులు అవి. మిల్లు ఆవరణలో పండుగ పెట్టినప్పుడు మా ఆడవాళ్ళకు ఒకసారి చూపించాడు ఆ పని. ఇక్కడ ఎదురుగా సాంచా లేదు, చేతులు మాత్రం పనిచేస్తున్నాయి. తనకు తెలియకుండానే చేస్తున్నాడు.

ఆపుకోలేక ఆయన చెయ్యి పట్టుకున్నాను. కళ్ళు తెరిచాడు. అటూ ఇటూ చూశాడు, రాళ్ళ వెనక ఎవరైనా ఉన్నారా అన్నట్టు.

"ఈడ ఇంక ఎక్కువ ఇనవడ్తానయే" అన్నాడు.

"ఏంది?"

"సాంచాలు. ఊర్లె ఉంటె బండ్లు, మైకులు, జర అడ్డముంటయి. ఈడ ఏం అడ్డం లేదు. ఖాతా మొత్తం నడుస్తాంది." చేతులతో తల రెండు వైపులా పట్టుకున్నాడు. "అన్ని సాంచాలు నడుస్తానయి, ఒక్కటి గూడ ఆగుతలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి కాకను తిట్టాను. వాడి కుండను తిట్టాను, వాడి సాసర్‌ను తిట్టాను, వాడి ముఖాన మన్నుపడ అన్నాను. మిల్లును తిట్టాను. నా అరుపులు ఆ రాళ్ళు నాకే తిరిగి ఇచ్చాయి. తిట్టిన ప్రతి తిట్టూ తిరిగి నా ముఖం మీదే పడింది. ఏడుపొచ్చి కూలబడ్డాను.

ఆయన నా పెదవులే చూస్తున్నాడు. "కాకనేమనకు" అన్నాడు. "ఆయినెకు గూడ ఇనవడది."

"ఏమన్నవ్?"

"ఆయినె చెవులు నాకంటె ముందే పోయినయి. బాగైనయని అందరికి చెప్పుకుంట తిరుగుతడు. పెదాలు సూసి నెట్టుకొస్తడు. మా ఖాతల అందరికి తెలుసు."

"తెలిసీ ఎందుకొచ్చినవ్ మరి?" అన్నాను.

"నువ్వు ఆశపడ్డవ్ గద. పొద్దుగాల లేసి పులిహోర కలుపుతాంటివి. వద్దనబుద్ధి కాలె."

"నేను నమ్మలేదయ్యా! నువ్వు నమ్మినవని వచ్చిన!"

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నవ్వాల్సిన మాట అది. ఇంటికి పోయాక అత్తకు చెప్పి కడుపు పట్టుకుని నవ్వాల్సిన మాట. ఇద్దరిలో ఒకరమైనా నమ్మి ఉంటే బాగుండేది. పులిహోర విప్పి పెట్టాను, ఇద్దరం రెండు ముద్దలు తిన్నామో లేదో, నోరెండిపోయి మింగుడుపడలేదు. నీళ్ళు తాగి గిన్నె మూసేశాను. పొద్దు నెత్తి మీదికి వచ్చి, పై సందులోంచి ఎండ పట్టీలాగా మా నడుమ పడింది.

తిరిగి పోవడానికి నేను దుప్పటి మడుస్తుంటే ఆయన నా మోచెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఒకటి మాత్రం నిజంగనే అనుకున్న వచ్చేటప్పుడు" అన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ లేనంత చిన్నగా వచ్చింది. ఎంత చిన్నగా మాట్లాడుతున్నాడో ఆయనకు తెలుసో లేదో. "పెదాలు సూస్తె మాట తెలుస్తది. గొంతు తెలువది. నువ్వు మాట్లాడుతాంటె ఈ నడుమ నాకు లోపట నా గొంతే ఇనవడ్తది. నీ మాటలు, నా గొంతు. నీది ఎట్లుండెనో యాదికి తెచ్చుకుంటాన్న. వస్తలేదే. పాపది ఎట్లుంటదో నాకు ఎన్నడు తెలువనే తెలువది. నీది తెలిసి గూడ మరిసిపోయిన."

నేను చేతిలో దుప్పటి పక్కన పెట్టేశాను.

"కండ్లు తెరిసి ఉంటె పెదాలు సూసి దొంగతనం చేస్త. మూసుకుంట. నువ్వు మాట్లాడు. సాంచాల నడుమ ఒక్క ముక్క దొరికినా సాలు. దొరికితె పట్టుకుంట."

"ఏం మాట్లాడాలె?"

"ఏదైనా. తిట్టినా సరే."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను ఆయన మోకాళ్ళకు నా మోకాళ్ళు తగిలేటట్టు ఎదురుగా కూర్చున్నాను. బళ్ళో ఆఖరి బెంచీ దాకా వినబడే నా గొంతును పూర్తిగా తీసి మాట్లాడాను. తిట్టలేదు. పిల్ల పొద్దున మేం బయల్దేరేటప్పుడు ఏమందో చెప్పాను, తనకు కూడా ఒక గుట్ట తెమ్మందని. దాని గొంతు నా గొంతుకంటే బొంగురుగా ఉంటుందని, మా అత్త గొంతు వచ్చిందని, కోపమొస్తే సన్నబడుతుందని చెప్పాను. నా గొంతు ఎట్లా ఉంటుందో నాకే తెలియదు, ఎవరి గొంతు వాళ్ళకు తెలియదు కదా, అదీ చెప్పాను. నువ్వంటే నాకు పానం అని చెప్పాను. ఆ మాట ఆయన కళ్ళు తెరిచి ఉండగా ఎప్పుడూ అనలేదు. నాకు భయమేస్తోందని చెప్పాను. నీకు వినబడకపోతే నేను ఎవరికి మాట్లాడాలి, నా మాటలన్నీ నీకోసం పుట్టినవే, నువ్వు లేని మాట నాకు చేతగాదు అని చెప్పాను. నన్ను వదిలి ఆ మోతలోకి పోవద్దని బతిమాలాను. ఇంకా ఏమేమో చెప్పాను. ప్రతిదీ రాయి మళ్ళీ చెప్పింది. గొంతు బొంగురుపోయి, ఇక పెగలకుండా అయ్యేదాకా చెప్పి, ఆపేశాను.

ఆయన కదల్లేదు. తల కొంచెం ఒక పక్కకు వంచి, కనుబొమలు ముడిచి, కుదురుగా కూర్చున్నాడు. నేను ఆయన ముఖంలో వెతుకుతున్నాను. కంటి కొన, పెదవి, ఏదైనా ఒకటి కదులుతుందేమోనని చూస్తున్నాను. రాయి కూడా నా ఆఖరి మాట చెప్పడం ముగించి ఊరుకుంది.

కాసేపటికి ఆయన కళ్ళు తెరవకుండానే చెయ్యి చాచి, తడుముకుని నా మోకాలు తట్టాడు.

"ఏందే, ఇంక షురూ చెయ్యవా?" అన్నాడు. "సిగ్గయితాందా? చెప్పు. ఇంటాన్న."